మతం చేతులు మారింది

(శామీర్‌పేట పరిశోధకులు ఆచార్య శ్యామాచరణ్ దూబే స్మృతిలో సౌదీ అరేబియాలోని జుబైల్ తెలుగు మిత్రుల సభలో చేసిన ప్రసంగ పాఠం)

షిఫ్టులు ముగించుకుని వచ్చి కూర్చున్న ఇంతమంది తెలుగువాళ్ల ముందు ఆచార్య శ్యామాచరణ్ దూబే (1922–1996) పేరు తలచుకోవడం నాకు దక్కిన గౌరవం. ఆయన తెలుగువారు కాదు. అయినా ఒక తెలుగు ఊరిని అంత శ్రద్ధగా చూసినవాళ్లు అరుదు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పనిచేసే రోజుల్లో, 1951–52 ప్రాంతంలో, తన బృందంతో కలిసి హైదరాబాదుకు దగ్గర్లో ఉన్న శామీర్‌పేటను పరిశీలించారు. 1955లో ‘ఇండియన్ విలేజ్’ పేరుతో ఆ ఊరి జీవితం పుస్తకంగా వచ్చింది. పోచమ్మ, ముత్యాలమ్మ, మైసమ్మల కొలుపులు, ఏడాది పొడుగునా వచ్చే పండుగలు, మొహర్రంలో హిందువుల పాత్ర, వీటన్నిటి గురించి అందులో ఉంది. ఎవరికి ఎంత భక్తి ఉందో తూచే పని ఆయన పెట్టుకోలేదు. ఏ పని ఎవరి వంతు, ఏ కులానికి ఏ బాధ్యత, ఎవరి మాట చెల్లుతుంది అని చూశారు. మతాన్ని మనసులోని నమ్మకంగా కాక ఊరు నడుపుకునే వ్యవహారంగా చూసిన ఆ పద్ధతే ఇవాళ్టి నా వాదానికి ఆధారం.

మతం గురించి సమాజశాస్త్రంలో వందేళ్లకు పైగా ఒక చర్చ నడుస్తోంది. లోకంలో లెక్కకు అందని అదృశ్య శక్తులేవీ లేవనే భావన ఆధునిక మనిషిలో స్థిరపడిందని 1917లో మ్యూనిక్‌లో చేసిన ప్రసంగంలో మాక్స్ వెబర్ అన్నాడు. యంత్రాలు, కార్యాలయాలు, నగరాలు పెరిగేకొద్దీ మతం తగ్గిపోతుందనే సూత్రం అక్కణ్ణుంచి బలపడింది. దీనికే లౌకికీకరణ సిద్ధాంతమని పేరు. 1966లో బ్రిటన్‌లో బ్రయన్ విల్సన్, 1967లో అమెరికాలో పీటర్ బర్గర్ రాసిన పుస్తకాలతో అది పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది. 21వ శతాబ్దం వచ్చేసరికి విశ్వాసులు చిన్న చిన్న గుంపులుగానే మిగులుతారని బర్గర్ 1968లో జోస్యం కూడా చెప్పాడు. దశాబ్దం తిరిగేసరికి పరిస్థితి తారుమారైంది. 1979లో ఇరాన్‌లో విప్లవం వచ్చింది. అదే ఏడాది నవంబరు 20న మక్కాలోని పెద్ద మసీదును సాయుధులు ఆక్రమించారు. పోలండ్‌లో కాథలిక్ చర్చి అండతో కార్మిక సంఘం ప్రభుత్వాన్నే ఎదిరించింది. ఈ అనుభవాలను దగ్గర పెట్టుకుని 1994లో హోసే కాసనోవా పాత సిద్ధాంతాన్ని మూడుగా విడదీశాడు. రాజ్యం, మార్కెట్, శాస్త్రం మతం నుంచి వేరుపడటం ఒకటి. నమ్మకం తగ్గడం రెండోది. మతం ఇంటికే పరిమితం కావడం మూడోది. మొదటిది నిజమేననీ, మిగతా రెండూ దాని వెంట తప్పక రావాలని లేదనీ తేల్చాడు. 1999లో బర్గర్ తన పాత మాటను తానే వెనక్కి తీసుకున్నాడు. అదే ఏడాది రాడ్నీ స్టార్క్ ఆ సిద్ధాంతానికి సమాధి కట్టాలన్నాడు. స్కాట్లండ్‌లో పనిచేసిన స్టీవ్ బ్రూస్ మాత్రం ఒప్పుకోలేదు. ఇంగ్లండు, వేల్స్ జనగణన ఆయన వైపే ఉంది. 2021లో అక్కడ తాము క్రైస్తవులమని రాయించుకున్నవాళ్లు 46.2 శాతం, ఏ మతమూ లేదన్నవాళ్లు 37.2 శాతం. క్రైస్తవుల సంఖ్య సగానికి దిగువకు పడటం అక్కడ అదే మొదటిసారి.

రెండు పక్షాల దగ్గరా సాక్ష్యం ఉంది కాబట్టే ఈ చర్చ తెగడం లేదు. అసలు చిక్కు వాళ్లు అడిగే ప్రశ్నలో ఉంది. మతం పెరిగిందా, తగ్గిందా అన్నదే ఇద్దరి ప్రశ్న. ఇద్దరూ కొలిచేది పరిమాణాన్నే. శామీర్‌పేటలో దూబే చూసిన చూపుతో చూస్తే అడగాల్సిన ప్రశ్న వేరు. మతం ఎవరి చేతిలో ఉంది? పండుగ ఎప్పుడో ఎవరు చెబుతారు, ఖర్చు ఎవరు పెడతారు, తప్పొప్పులు ఎవరు తేలుస్తారు? ఈ ప్రశ్నలతో మన తెలుగు నేలనూ, ఈ జుబైల్‌నూ చూస్తే నాకు కనిపించేది ఇది: మతం తగ్గలేదు, ఉన్నచోట ఉన్నట్టూ లేదు, చేతులు మారింది. ఊరి చేతిలో, కులం చేతిలో, వంశపారంపర్య పూజారుల, పెద్దల చేతిలో ఉన్నది రెండు వైపులకు వెళ్లింది. కొంత ప్రభుత్వ కార్యాలయం చేతికి చేరింది. కొంత ఒంటరి మనిషి చేతికి, ఈ రోజుల్లో అతని ఫోనులోకి చేరింది. ఈ రెంటికీ నడుమ ఉండే ఊరు, వాడ, ఇరుగుపొరుగు అనే మధ్యభాగం ఖాళీ అవుతోంది. మనం అసలు విచారించాల్సిన నష్టం అదే.

ముందుగా మీరున్న చోటినే తీసుకుందాం. 1986లో జుబైల్ దగ్గర ఇసుకలోంచి ఒక చర్చి శిథిలాలు బయటపడ్డాయి. అవి 4వ శతాబ్దం నాటివని అంచనా. ఇస్లాం రాకముందు ఈ తీరంలో తూర్పు సిరియా క్రైస్తవ సంప్రదాయం ఉండేదనడానికి అది సాక్ష్యం. ఆ తర్వాత శతాబ్దాల పాటు ఇది ముత్యాల వేట, చేపల వేట మీద బతికిన చిన్న రేవు. 1933 సెప్టెంబరులో అమెరికా చమురు కంపెనీ భూగర్భ శాస్త్రవేత్తలు సౌదీ నేల మీద దిగింది ఇక్కడే. 1975లో జుబైల్, యాన్బూల కోసం రాయల్ కమిషన్, 1976లో పెట్రోకెమికల్ సంస్థ సాబిక్ ఏర్పడ్డాయి. బెక్టెల్ సంస్థ పర్యవేక్షణలో ఇసుక మీద కొత్త నగరం లేచింది. ఇవాళ రిఫైనరీలు, పెట్రోకెమికల్ ప్లాంట్లు, రియాద్‌కు మంచినీళ్లు పంపే ఉప్పునీటి శుద్ధి కేంద్రం అన్నీ ఇక్కడున్నాయి. వెబర్ చెప్పిన లెక్కా, ప్రణాళికా, యంత్రమూ ఇంత చిక్కగా ఒక్కచోట చేరిన నగరాలు లోకంలో ఎన్నో లేవు. పాత సిద్ధాంతం నిజమైతే ముందుగా మతం సన్నగిల్లాల్సింది ఇక్కడే. అలా జరగలేదు. రోడ్లు, పైపులైన్లు, బడులు, ఆసుపత్రి గీసిన నక్షాలోనే మసీదులనూ గీశారు. అంటే ఇక్కడ మసీదు పుట్టింది ఊరివాళ్లు చందాలు వేసుకుని కాదు, పట్టణ ప్రణాళిక విభాగంలో.

ఇక గత పదేళ్ల మార్పులు మీ కళ్ల ముందే జరిగాయి. సలా (నమాజు) టైము రాగానే దుకాణాల షట్టర్లు దిగిపోవడం, చేతిలో సరుకుల బుట్టతో లోపల చిక్కుకున్నవాళ్లు దీపాలు సగం ఆర్పిన కొట్టులోనే నిలబడిపోవడం, బయట ఉన్నవాళ్లు మెట్ల మీద చతికిలబడి ఎదురుచూడటం, వీధిలో ముతవ్వాల (మత పోలీసుల) బండి తిరగడం, పాతికేళ్లుగా ఇక్కడున్నవాళ్లకు ఇదంతా రోజువారీ అనుభవం. 2016 ఏప్రిల్‌లో ముతవ్వాలకు అరెస్టు చేసే అధికారం తీసేశారు. 2018 ఏప్రిల్‌లో సినిమాహాళ్లు తెరిచారు. ఆ జూన్ 24 నుంచి ఆడవాళ్లు బండి నడుపుతున్నారు. 2021 మేలో మసీదుల మైకులు అజాన్‌కూ, నమాజు మొదలయ్యే ముందు ఇచ్చే ఇఖామత్‌కూ మాత్రమే వాడాలనీ, శబ్దం మూడో వంతు దాటకూడదనీ ఉత్తర్వు వచ్చింది. అదే ఏడాది సలా టైములోనూ దుకాణాలు తెరిచి ఉంచుకునే వీలు కలిగింది. 2022 నుంచి ఫిబ్రవరి 22ను స్థాపన దినంగా జరుపుతున్నారు. దానితో రాజ్యం పుట్టుక 1727కు జరిగింది. 1744 ప్రాంతంలో ముహమ్మద్ ఇబ్న్ అబ్దుల్ వహాబ్‌తో కుదిరిన పొత్తు దగ్గర కథ మొదలుపెట్టే అలవాటు వెనక్కి తగ్గింది.

ఇది చూసి సౌదీ కూడా లౌకిక దారి పట్టిందని కొందరు అంటున్నారు. ఆ మాట తొందరపాటు. ఖురానూ, ప్రవక్త సున్నతే రాజ్యాంగమని చెప్పే 1992 నాటి ప్రాథమిక పాలనా చట్టం చెక్కుచెదరలేదు. ఇమాములకు జీతమిచ్చేది, మైకు శబ్దం నిర్ణయించేది ప్రభుత్వ మంత్రిత్వ శాఖే. జరిగింది అధికార బదిలీ. వీధిలో మతం పేరిట ఆజ్ఞాపించే హక్కు ధర్మ పండితుల అనుచరుల నుంచి ప్రభుత్వానికి పూర్తిగా చేరింది. ఈ సంగతిని అందరికంటే స్పష్టంగా చెప్పిన పండితుడు 1932లో ఈ దేశంలోనే, మదీనాలో పుట్టాడు. ఆయన తలాల్ అసద్. ఆధునిక రాజ్యం మతాన్ని పక్కకు నెట్టి ఊరుకోదనీ, ఏది మతం, అది ఎంతవరకు ఉండవచ్చు అనే హద్దును తానే గీస్తుందనీ 2003లో వచ్చిన ‘ఫార్మేషన్స్ ఆఫ్ ది సెక్యులర్’ పుస్తకంలో వాదించాడు. ఆ మాట పారిస్‌కు ఎంత వర్తిస్తుందో రియాద్‌కూ అంతే వర్తిస్తుంది. అమరావతికీ హైదరాబాదుకూ కూడా వర్తిస్తుందని నా మాట.

తిరుమల చరిత్రే చూడండి. కొండ మీది ఆలయ నిర్వహణను 1843లో ఈస్టిండియా కంపెనీ హాథీరాంజీ మఠం మహంతులకు అప్పగించింది. 1933లో అది మహంతుల నుంచి దేవస్థానం కమిటీకి వచ్చింది. ఇవాళ పాలకమండలిని నియమించేది రాష్ట్ర ప్రభుత్వం, కార్యనిర్వహణాధికారిగా వచ్చేది ఐఏఎస్ అధికారి, వార్షిక బడ్జెట్ 5,200 కోట్ల రూపాయలు దాటింది. జస్టిస్ చల్లా కొండయ్య కమిషన్ సిఫార్సుల మీద వచ్చిన 1987 నాటి దేవాదాయ చట్టం అర్చకుల, మిరాశీదారుల వంశపారంపర్య హక్కులను రద్దు చేసింది. 1996లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని సమర్థించింది. ఆ చట్టం ప్రకారం ఆదాయాన్ని బట్టి గుళ్లు 6ఎ, 6బి, 6సి తరగతులయ్యాయి. ఆదాయం లేని గుళ్లకు ధూపదీప నైవేద్యాల ఖర్చు ప్రభుత్వమే ఇస్తోంది. 2014లో తెలంగాణ ప్రభుత్వం బోనాలనూ బతుకమ్మనూ రాష్ట్ర పండుగలుగా ప్రకటించింది. 2017 నుంచి కొన్నేళ్ల పాటు బతుకమ్మకు చీరలూ పంచింది. ఆంధ్రప్రదేశ్‌లో ఇమాములకూ పాస్టర్లకూ గౌరవ వేతనాలు ఇచ్చారు. భారత రాజ్యాంగం 25, 26 అధికరణాల కింద అందరికీ మత స్వేచ్ఛ ఇచ్చింది, సౌదీలో ఆ ఏర్పాటు లేదు. ఆ తేడా చాలా పెద్దది, దాన్ని తక్కువ చేసి మాట్లాడటం నా ఉద్దేశం కాదు. కానీ దేవుడి ఖర్చు ఊరు పెట్టుకునే రోజుల నుంచి కార్యాలయం మంజూరు చేసే రోజులకు రావడం రెండుచోట్లా కనిపిస్తుంది. వంశపారంపర్యం పోవడంలో న్యాయం ఉంది, నేను దాన్ని మనస్ఫూర్తిగా ఆహ్వానిస్తాను. అయితే అర్చకుడి నుంచి హక్కు తీసుకున్నది ఊరు కాదు, ప్రభుత్వమని గుర్తుంచుకోవాలి.

రెండో చెయ్యి ఒంటరి మనిషిది. గత నాలుగైదు దశాబ్దాల్లో తెలుగునాట బాగా పెరిగిన భక్తి రూపం దీక్ష. 41 రోజుల అయ్యప్ప దీక్ష కేరళ నుంచి వచ్చి ఇక్కడ వేళ్లూనుకుంది. దాన్ని చూసి ఇంద్రకీలాద్రికి భవానీ దీక్ష, కొండగట్టుకు హనుమాన్ దీక్ష పెరిగాయి. దీక్షను ఎవరూ పుట్టుకతో తెచ్చుకోరు. మాల వేసుకోవాలా వద్దా అన్నది ఎవరికి వారు నిర్ణయించుకుంటారు. వేసుకున్నాక కులం పేరుతో పిలుపుండదు, అందరూ స్వాములే. 41 రోజులు గడిచాక మాల తీసేస్తారు. కొలుపులో వంతు తప్పిస్తే ఊరు నిలదీసే శామీర్‌పేట మతానికీ, దీనికీ ఎంత దూరం! హైదరాబాదు శివార్లలో హుండీ లేని చిలుకూరు బాలాజీ గుడిని చూడండి. వీసా కోసం మొక్కుకుని 11 ప్రదక్షిణలు చేసి, కోరిక తీరాక వచ్చి 108 చేసేవాళ్లలో చదువుకున్న ఇంజనీర్లే ఎక్కువగా కనిపిస్తారు. చదువు భక్తిని తీసేయలేదు. భక్తిని సొంత జీవితపు లెక్కకు ముడిపెట్టింది.

ఈ మార్పు చివరి అంచు ఎలా ఉంటుందో జుబైల్ క్యాంపు గదిలో తెలుస్తుంది. ఆరు మంచాల గది. ఒక లాకరు తలుపుకు లోపలివైపు అతికించిన వేంకటేశ్వరుడి పటం, పక్క లాకరులో గుడ్డలో చుట్టిన బైబిలు, మూడో మంచం కాళ్ల దగ్గర మడిచిపెట్టిన జానమాజు (నమాజు చాప). కరీంనగర్ ఫిట్టరు ఇయర్‌ఫోన్ పెట్టుకుని తిరుమల దేవస్థానం ఛానెలు ఎస్వీబీసీలో సుప్రభాతం వింటాడు. కోనసీమ వెల్డరు శుక్రవారం సెలవు పూట వాళ్ల ఊరి పాస్టరు ప్రసంగం ఫోనులో చూస్తాడు. కడప స్కఫోల్డరు వారాంతంలో బస్సెక్కి ఉమ్రాకు వెళ్లొస్తాడు. ముగ్గురి భక్తీ గట్టిదే. కానీ దానికి పూజారి లేడు, ఊరి పెద్ద లేడు, వంతు లేదు, ఊరేగింపు లేదు. ముస్లిం కార్మికుడికి మాత్రం చుట్టూ ఉమ్మడి ఆరాధన ఉంది. అయితే అది అతని ఊరి పీర్ల చావిడి కాదు, మంత్రిత్వ శాఖ నడిపే మసీదు. ఇక్కడి దావా (ఇస్లాం ప్రచార) కేంద్రం ఎన్నో భాషల్లో అందించే పుస్తకాలు చదివి, దర్గా మొక్కులు సరైనవా కావా అనే సందేహంతో ఇంటికి వెళ్లేవాళ్లూ ఉన్నారు.

ఇప్పుడు ఖాళీ అవుతున్న మధ్యభాగం సంగతి. అనంతపురం జిల్లా గూగూడులో మొహర్రం వస్తే కుళ్లాయప్ప పీరు దగ్గరికి వేలమంది హిందువులు వస్తారు. తెలుగు కవి, పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ అధ్యాపకుడు అఫ్సర్ మహమ్మద్ ఆ పండుగ మీద 2013లో ‘ది ఫెస్టివల్ ఆఫ్ పీర్స్’ అనే పుస్తకం రాశారు. కడపలో ఉగాది నాడు ముస్లింలు దేవుని కడప వేంకటేశ్వరుడి గుడికి వచ్చి కొబ్బరికాయ కొట్టడం ఇప్పటికీ ఉంది. స్వామి భార్యగా చెప్పే బీబీ నాంచారి తమ ఇంటి ఆడపడుచని వాళ్ల నమ్మకం. తెలంగాణలో పీర్ల పండుగకు అగ్గిగుండం తవ్వేవాళ్లు, అలావా చుట్టూ ఆడేవాళ్లు ఎక్కువ ఊళ్లలో హిందువులే. ఈ ఏర్పాట్లు ఏ ప్రభుత్వమూ చేసినవి కావు, ఏ ఒక్కరి సొంత భక్తీ కాదు. ఊరు నడుపుకున్న ఉమ్మడి వ్యవహారం అది. ప్రభుత్వ ఫైలులో హిందువుకు దేవాదాయ శాఖ, ముస్లింకు వక్ఫ్ బోర్డు వేరువేరు. ఇద్దరికీ కలిపి ఒక ఫైలు లేదు. ఫోనులోనూ ఎవరి ఛానెలు వాళ్లదే. అందుకే మతం ఈ రెండు చేతుల్లోకీ వెళ్లేకొద్దీ ఉమ్మడి పండుగకు దిక్కు లేకుండా పోతోంది. దాదాపు 30,000 మందిని అడిగి ప్యూ సంస్థ 2021లో విడుదల చేసిన భారతీయ మత జీవిత నివేదిక ఈ పరిస్థితినే బయటపెట్టింది. దేవుడున్నాడని నమ్మేవాళ్లు 97 శాతం. అన్ని మతాలనూ గౌరవించడం నిజమైన భారతీయతలో ముఖ్యభాగమన్నవాళ్లు 84 శాతం. అదే జనంలో చాలామంది స్నేహాలూ పెళ్లిళ్లూ సొంత మతంలోనే ఉండాలనుకుంటున్నారు. గౌరవం అభిప్రాయంగా మిగిలింది, కలిసి చేసే పని తగ్గింది.

ఈ వాదానికి వచ్చే ఆక్షేపణలు బలమైనవే. మొదటిది రోనాల్డ్ ఇంగ్లహార్ట్, పిప్పా నోరిస్‌లది. బతుకులో భద్రత లేనిచోట మతం బలంగా ఉంటుందనీ, భద్రత వచ్చినచోట తగ్గుతుందనీ 2004లో వాళ్లు అనేక దేశాల సర్వేలతో చూపారు. గల్ఫ్ కార్మికుడి భక్తికి కారణం అతని బతుకులోని అభద్రతే, చేతులు మారడం గురించి అంత వాదం అవసరమా అని ఎవరైనా అడగవచ్చు. ఎండలో స్కఫోల్డింగ్ మీద నిలబడేవాడి మొక్కులో భయం ఉందని నేను కాదనను. కానీ భయం భక్తి ఎంతో చెబుతుందే తప్ప దాని రూపం చెప్పదు. అదే భయంతో వాళ్ల తాత ఊరి మైసమ్మకు అందరితో కలిసి మొక్కాడు, మనవడు ఒంటరిగా ఫోను ముందు మొక్కుతున్నాడు. పైగా గల్ఫ్ పౌరులకు ఉద్యోగ, వైద్య, నివాస భద్రత చాలా ఉన్నా మతం పలచబడలేదు. 2007 నుంచి 2019 వరకు 49 దేశాల్లో 43 చోట్ల మతపట్టు సడలిందని ఇంగ్లహార్ట్ తన చివరి రోజుల్లో రాసినప్పుడు కూడా, ఆదాయం పెరుగుతున్న భారతదేశం ఎదురుదారిలో వెళ్తోందని ఒప్పుకున్నాడు.

రెండో ఆక్షేపణ బ్రూస్‌ది. వలస వెళ్లినవాళ్లు కొత్త చోట కుదురుకునే దాకా మతాన్ని ఆసరా చేసుకుంటారనీ, రెండు మూడు తరాల్లో ఆ అవసరం తీరిపోతుందనీ అంటాడు. 1955లో విల్ హెర్బెర్గ్ అమెరికా వలసల మీద రాసినదీ ఈ తరహాదే, వలసవాళ్ల తర్వాతి తరాలవాళ్లు మతం ద్వారానే అమెరికన్లయ్యారని. కానీ వీళ్లిద్దరి లెక్కా వెళ్లినవాళ్లు అక్కడే స్థిరపడతారన్న ఊహ మీద నిలబడింది. గల్ఫ్‌లో అది జరగదు. 2022 సౌదీ జనగణనలో 3.22 కోట్ల జనాభాలో 41.6 శాతం విదేశీయులే. వాళ్లలో పౌరులయ్యేవాళ్లు లేనట్టే. 2017 జులై నుంచి కుటుంబ సభ్యుల మీద నెలనెలా రుసుము పెట్టాక, భార్యాపిల్లలను తిప్పి పంపినవాళ్లు ఎంతోమంది. ఇఖామా (నివాస అనుమతి) తీరితే ఎవరైనా ఇంటికే. కాబట్టి ఇక్కడ స్థిరపడే రెండో తరం ఉండదు, ఎప్పటికీ మొదటి తరమే. కుదురుకోవడమనే దశ ఎన్నటికీ పూర్తి కాదు. యూరప్, అమెరికాల వలసల మీద కట్టిన సిద్ధాంతానికి ఈ రాకపోకల చక్రం అందదు.

మూడోది సూటిగా తగిలే ఆక్షేపణ. ఇతర మతాల బహిరంగ ఆరాధనకు ఇక్కడ అనుమతి లేదు కాబట్టే భక్తి గదిలోకి, ఫోనులోకి వెళ్లింది, నిషేధం వల్ల జరిగినదాన్ని సామాజిక పరిణామంగా చూపడం తగదు అంటారు. నా జవాబు: మతం ఇంటికి పరిమితం కావడం ఎక్కడైనా చాలావరకు చట్టం పనే. ఫ్రాన్సులో 1905 డిసెంబరు 9 నాటి చట్టం చర్చిని రాజ్యం నుంచి వేరుచేసింది, అది ఫ్రెంచివాళ్ల మనసులో దానంతటదే పుట్టిన మార్పు కాదు. పోల్చి చూడటానికి మన తెలుగువాళ్లే చాలు. 1970లలో పిట్స్‌బర్గ్ వెళ్లిన ఇంజనీర్లు, డాక్టర్లు మిగతా భారతీయులతో కలిసి 1976లో వేంకటేశ్వరుడి గుడి నిలబెట్టారు, దాన్ని ట్రస్టు నడుపుతోంది. 25 కిలోమీటర్ల వంతెన అవతల బహ్రెయిన్‌లో, మనామాలో దాదాపు 200 ఏళ్ల శ్రీనాథ్‌జీ గుడి ఉంది, 1939 నాటి సేక్రెడ్ హార్ట్ చర్చి ఉంది. ఒకే భక్తి ఉన్న మనుషులు ఒకచోట ట్రస్టు కట్టారు, ఒకచోట లాకరు తలుపు వెనక పటం పెట్టుకున్నారు. తేడా వాళ్ల ఆధునికతలో లేదు. మతం ఎవరి చేతిలో ఉండాలో నిర్ణయించిన అధికారంలో ఉంది. నిషేధం నా వాదాన్ని తోసిపుచ్చదు, దానికి పెద్ద ఉదాహరణ అవుతుంది.

అంకెలను నమ్మేవాళ్లకు ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1971 జనగణన ప్రకారం క్రైస్తవులు 4 శాతానికి పైగా, 2011లో 1.34 శాతం. అంకె ఒక్కటే చూస్తే నలభై ఏళ్లలో క్రైస్తవం మూడో వంతుకు పడిపోయిందనాలి. ఊరూరా కొత్త ప్రార్థనా మందిరాలు లేచిన కాలమది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవానికి మారిన దళితుడికి ఎస్సీ హోదా పోతుంది. బడిలో సీటు, ఉద్యోగంలో రిజర్వేషన్ పోగొట్టుకోలేక ఆదివారం చర్చికి వెళ్లే కుటుంబం కాగితం మీద హిందువుగా ఉండిపోతుంది. ఆ అంకె నమ్మకాన్ని కొలవలేదు, నమ్మకం మీద ప్రభుత్వ కార్యాలయానికి ఉన్న పట్టును కొలిచింది.

చివరి ఆక్షేపణ మన హేతువాదుల నుంచి వస్తుంది. త్రిపురనేని రామస్వామి చౌదరి బ్రాహ్మణ పురోహితుడు లేకుండా తెలుగులో పెళ్లిళ్లు చేయించారు. గోరా 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టారు, 1947లో అది విజయవాడకు వచ్చింది. ఈ శ్రమంతా వృథాయేనా, దీక్షలూ వీసా మొక్కులే మిగిలాయా అని వాళ్ల వారసులు అడగవచ్చు. వృథా కాదు. జనం దేవుణ్ణి విడిచిపెట్టలేదన్నది నిజమే. కానీ పుట్టుక వల్ల ఒకరికి దక్కిన మతాధికారం ప్రశ్నించదగినదని తెలుగువాళ్లకు నేర్పింది వాళ్లే. దీక్షలో కులం పేరు వదిలేయడంలోనూ, 1987 చట్టంలోనూ ఆ ప్రశ్న పని చేసింది. వాళ్లు పాత చేతులను విడిపించారు. తర్వాత ఎవరి చేతికి వెళ్లాలో తేల్చుకునే పని మనకు మిగిలింది.

ఆ పనిలో జుబైల్ తెలుగువాళ్లకు ప్రత్యేకమైన పాత్ర ఉందని నా నమ్మకం. పాత ఊరిని తిరిగి తెమ్మని నేను అనడం లేదు. ఆ ఊరి ఉమ్మడితనంలో అంటరానితనం ఉంది, కొన్ని కులాలకు చాకిరీయే వంతుగా ఉంది. అది అలాగే రావాలని కోరుకోవడం అన్యాయం. కానీ కులం హద్దు లేని కొత్త ఉమ్మడితనం సాధ్యమేనని మీ క్యాంపు గదులే చూపుతున్నాయి. కార్మిక చట్టం రంజాన్‌లో ముస్లింలకు రోజుకు 6 గంటల పని పెట్టింది. ఆ మధ్యాహ్నాలు పని మోసేది పక్క మంచం హిందువు, క్రైస్తవుడు. దసరాకూ క్రిస్మస్‌కూ సెలవు లేనప్పుడు షిఫ్టు మార్చుకునేది ముస్లిం స్నేహితుడు. ఒకే పొయ్యి మీద కార్తీక మాసం వంటా, ఇఫ్తారు వంటా వంతులవారీగా సాగుతాయి. ఏ శాఖా ఆదేశించని, ఏ కులమూ శాసించని వంతులివి. దూబే శామీర్‌పేటలో వెతికిన ‘ఎవరి వంతు ఏమిటి’ అన్న ప్రశ్నకు ఇవి కొత్త జవాబులు.

అందుకే మీకు ఒక విన్నపం. మీ ఊళ్లో గోపురానికో, మినారుకో, చర్చి గంటకో చందా అడిగితే ఇవ్వండి, అది మీ భక్తి, మీ హక్కు. ఇచ్చేటప్పుడు ఒక్క మాట అడగండి: మన ఊళ్లో పీర్ల చావిడి ఇంకా తెరుస్తున్నారా, పోచమ్మ కొలుపులో అన్ని వాడల వాళ్లకూ చోటుందా, పండుగ రోజు పక్క మతం వాళ్ల ఇంటికి పళ్లెం వెళ్తోందా? లేదంటే, మొదటి చందా వాటికే ఇవ్వండి. వాటిని పోషించడానికి ప్రభుత్వంలో పద్దు లేదు, ఒక్కరి వల్ల అయ్యే పనీ కాదు. అది ఊరంతా కలిసి చేయాల్సిన పని. ఊరికి దూరంగా ఉన్నా ఆ ఊరివాళ్లే మీరు.